కొత్త బండి నచ్చలేదా? అమ్మకానికి పెట్టే ముందు ఇవి చేసి చూడండి

కొత్త బండి తెచ్చుకున్న నాలుగో రోజు బాబాయి ఫోన్ చేసి "బండి ఎలా ఉందిరా?" అని అడిగితే "సూపర్‌గా ఉంది బాబాయ్" అన్నాను. పచ్చి అబద్ధం. అప్పటికే నా కుడిచేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కి ఉన్నాయి, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడక కాలితో కుస్తీ పట్టి వచ్చాను, గుంతలో పడ్డప్పుడల్లా దెబ్బ నడుము దాకా తగులుతోంది. అన్నిటికంటే బాధేమిటంటే, స్టాండ్ వేసి లోపలికి వెళ్తూ ఒక్కసారైనా వెనక్కి తిరిగి బండిని చూసుకోవాలనిపించలేదు. ఏడాది పాటు వీడియోలు చూసి, స్పెసిఫికేషన్లు కంఠతా పట్టి, ఇంట్లో అందరినీ బతిమాలి తెచ్చుకున్న బండి అది. ఇప్పుడు నచ్చలేదంటే ఎవరితో చెప్పుకోవాలి?

చాలామందికి జరిగేదే ఇది, కాకపోతే పైకి చెప్పుకోరు. నాకు ఆ బండి మీద మనసు పడటానికి దాదాపు రెండు నెలలు పట్టింది. అందులో సగం రోజులు ఊరికే పోయాయి, ఎందుకంటే ఏం చేయాలో తెలియక "తప్పు బండి కొన్నానేమో" అని దిగులుపడుతూ కూర్చున్నాను. మీకు ఆ సగమైనా మిగలాలని ఇది రాస్తున్నా.

ఆలస్యంగా అర్థమైంది ఏమిటంటే, ఇంటికొచ్చిన రోజు ఆ బండి ఇంకా మనది కాదు. దాన్ని ఎవరో సగటు మనిషి కొలతలకి బిగించి పంపారు. లోపలి భాగాలు ఇంకా ఒకదానితో ఒకటి సర్దుకోలేదు. మన చేతులూ కాళ్లూ ఏమో ఇంకా పాత బండినే నడుపుతున్నాయి. ఈ మూడూ కలిసి మనకి "బండి బాలేదు" అన్నట్టు అనిపిస్తాయి. అసలు బండి మంచిదో కాదో తెలియాలంటే ముందు ఈ మూడు లెక్కలూ తేలాలి.

మొదటి పని, ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఫోన్‌లో రాసుకున్నా సరే. నచ్చనిది ఏదైనా సరే రాయండి, కానీ "వైబ్రేషన్ ఎక్కువ" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "నాలుగో గేరు, 62 స్పీడు, కుడి ఫుట్‌రెస్ట్‌లో, 180 కిలోమీటర్ల దగ్గర మొదలైంది" అని రాయండి. ఇలా రాస్తే రెండు లాభాలు: మెకానిక్‌కి చూపించవచ్చు, పైగా నెల తర్వాత చూసుకుంటే ఏది పోయిందో ఏది మిగిలిందో తెలుస్తుంది. లేకపోతే అంతా కలిసి ఒకే చిరాకుగా మిగిలిపోతుంది. నా పుస్తకంలో మొదటి పది రోజుల్లోనే 11 ఫిర్యాదులు చేరాయి.

అయితే కొన్నిటికి ఆగకండి. బ్రేక్ లివర్ మెత్తగా లోపలికి పోతున్నా, బండి ఒక పక్కకి లాగుతున్నా, చక్రం ఊగుతున్నా, పెట్రోలు వాసన వస్తున్నా, ఆయిల్ కారుతున్నా అది సర్దుకునే సంగతి కాదు, ఆ రోజే తీసుకెళ్లి చూపించండి.

ముందు గాలి చూడండి

ఇది చదివి నవ్వుకునేవాళ్లు ఉంటారు. నేనూ నవ్వేవాణ్ణే. వారం తర్వాత గేజ్ పెట్టి చూస్తే వెనక టైరులో 45 పీఎస్ఐ ఉంది, ఉండాల్సింది 32. రవాణాలోనూ గోడౌన్‌లోనూ నెలల తరబడి నిలబడి ఉండాలి కాబట్టి కొన్నిసార్లు గాలి ఎక్కువ కొట్టి ఉంచుతారు, డెలివరీ ఇచ్చేముందు తగ్గించాలి, నా వంతు వచ్చినప్పుడు ఎవరూ తగ్గించలేదు. అంటే వారం పాటు నేను రాతిచక్రాల మీద తిరిగి షాక్ అబ్జార్బర్లని తిట్టుకున్నానన్నమాట. గాలి సరిచేసిన రోజే పుస్తకంలో రెండు ఫిర్యాదులు కొట్టేశాను.

కొలిచేది టైరు చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే బండి తీయకముందు. నడిపాక టైరు వేడెక్కి ప్రెజర్ కొంత పెరుగుతుంది, ఆ అంకె చూసి గాలి తీసేస్తే మర్నాటికి తక్కువైపోతుంది. సరైన అంకె ఎక్కడుంటుందంటే, టైరు పక్కన అచ్చేసినది కాదు, అది టైరు తట్టుకోగల గరిష్ఠం. చైన్ కవర్ మీదో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి లాంటి భాగం) మీదో స్టిక్కర్ ఉంటుంది, లేదంటే మాన్యువల్ చూడండి. ఒక్కరే వెళ్తే ఒక అంకె, వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకి ఇంకో అంకె ఉంటుంది. చిన్న గేజ్ ఒకటి సొంతంగా కొనుక్కోండి, గాలి కొట్టే మిషన్ చూపించేదాన్ని నేను నమ్మను.

టైర్ల గురించే ఇంకో మాట. కొత్త టైరు పైపొర నున్నగా మెరుస్తూ ఉంటుంది, అది కాస్త గరుకెక్కే వరకు, అంటే 100, 150 కిలోమీటర్ల దాకా పట్టు తక్కువ. మలుపుల్లో బండి జారుతుందేమో అన్న అనుమానం మీకు ఆ రోజుల్లో వచ్చి ఉంటే అది పూర్తిగా మీ పిరికితనం కాదు.

వెయ్యి కిలోమీటర్ల దాకా తీర్పు వద్దు

కొత్త ఇంజిన్‌లో సిలిండర్ గోడ మీద సన్నని అడ్డగీతలు ఉంటాయి, కావాలనే గీస్తారు. పిస్టన్ రింగులు ఆ గీతల మీద రుద్దుకుంటూ గోడ ఆకారానికి అరిగి, గ్యాస్ బయటికి పోకుండా పట్టుకోవడం నేర్చుకుంటాయి. అది జరిగే వరకు ఇంజిన్ బిగువుగానే ఉంటుంది, మైలేజీ కూడా తక్కువే వస్తుంది. మొదటి ట్యాంకుకే మైలేజీ లెక్క కట్టి నిరాశపడేవాళ్లని చూశాను, ఫస్ట్ సర్వీస్ అయ్యాక ట్యాంకు నింపి నింపి రెండు మూడుసార్లు కొలిస్తేనే ఆ అంకెకి అర్థం ఉంటుంది. రన్నింగ్ ఇన్‌లో, అంటే కొత్త ఇంజిన్ ఇలా సర్దుకునే రోజుల్లో, ఎంత వరకు రేజ్ చేయొచ్చో మీ మాన్యువల్‌లో రాసి ఉంటుంది, అది పాటించండి. కానీ చాలామంది దాన్ని "మెల్లగా నడపాలి" అని అర్థం చేసుకుని టాప్ గేరులో 30లో ఈడ్చుకుంటూ పోతారు, అది ఇంజిన్‌కి మరీ భారం. స్పీడు మారుస్తూ, గేర్లు మారుస్తూ నడపాలి, ఒకే స్పీడులో గంటల కొద్దీ వద్దు, ఊపిరాడని గేరులో లాగించొద్దు.

అసలు విషయం ఇక్కడే ఉంది. మనం బండి కొనేది యాక్సిలరేటర్ గట్టిగా తిప్పి చూడటానికి, కంపెనీవాళ్లేమో వెయ్యి కిలోమీటర్ల దాకా అలా తిప్పొద్దంటారు. విందుకి పిలిచి ఆకు ముందు కూర్చోబెట్టి "ఇంకా వడ్డించలేదు, ఆగండి" అన్నట్టు. ఆ ఆగడంలో పుట్టిన విసుగుని కూడా బండి ఖాతాలోనే వేసేస్తాం.

గేర్లు కూడా అంతే. కొత్తలో గట్టిగా పడతాయి, రెండు గేర్ల మధ్య ఉత్త న్యూట్రల్ తగులుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, మొదటిసారి ఆయిల్ మారాక, తేడా కాలికే తెలుస్తుంది. (ఆ మొదటి ఆయిల్‌ని గిన్నెలోకి వంపి వెలుతురులో చూడండి, వెండిరంగు మెరుపులు కనిపిస్తాయి. అరిగిన లోహమే అది. అందుకే మొదటి సర్వీస్ వాయిదా వేయొద్దంటారు.) ఈలోగా న్యూట్రల్‌కి ఒక చిట్కా: బండి పూర్తిగా ఆగాక వెతకొద్దు. ఇంకా నడక వేగంతో దొర్లుతుండగానే రెండో గేరు నుంచి బొటనవేలి అంచుతో తేలిగ్గా కిందికి నొక్కండి, పడుతుంది. ఆగిపోయాక పడకపోతే క్లచ్‌ని కొంచెం వదిలి మళ్లీ పట్టుకుని ప్రయత్నించండి.

బ్రేకులు మొదట్లో మొద్దుగా ఉంటాయి, ప్యాడ్లు డిస్క్‌కి పూర్తిగా ఆనాలి కదా. ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 20 దాకా గట్టిగా, కానీ చక్రం పట్టేయకుండా, పూర్తిగా ఆగకుండా ఒక పదిసార్లు తగ్గించండి, మధ్యలో డిస్క్ చల్లారడానికి కాస్త దూరం నడపండి. అంతకుముందు మాత్రం ముందు బండికి మామూలు కంటే ఎక్కువ దూరం ఉంచండి.

స్పానర్ పట్టుకుని ఒక పొద్దున్న

ఇంతవరకు చెప్పిన వాటిలో సగం కాలం గడిస్తే వాటంతట అవే జరుగుతాయి. ఇప్పుడు చెప్పేది మాత్రం మీరు కూర్చుని చేస్తే తప్ప జరగదు, బండి మీద అభిప్రాయం అన్నిటికంటే ఎక్కువగా మారేది కూడా దీంతోనే.

నా స్నేహితుడొకడు ఉన్నాడు, ఇరవై ఏళ్లుగా రకరకాల బండ్లు నడిపినవాడు. నా ఏడుపు విని ఇంటికొచ్చాడు. సెంటర్ స్టాండ్ వేయించి, "ఒరేయ్, ఎక్కి కళ్లు మూసుకో. చేతులు నీకు హాయిగా ఉన్నచోట చాపు" అన్నాడు. చాపాను. "ఇప్పుడు కళ్లు తెరిచి చూసుకో." నా వేళ్లు క్లచ్ లివర్‌కి రెండంగుళాలు కింద గాలిలో ఉన్నాయి. అంటే రోజూ క్లచ్ పట్టుకున్న ప్రతిసారీ మణికట్టు పైకి విరిచి పట్టుకుంటున్నాను, ట్రాఫిక్‌లో గంటకి కొన్ని వందల సార్లు. కుడివైపు బ్రేక్ లివర్ కూడా అంతే ఎత్తులో ఉంది, అటేమో అరచేతి మడమ గ్రిప్ మీద ఒత్తుకుని, చిటికెన వేలికి పోయే నరం నలుగుతోంది. "దీనికి బండిని తిట్టావా?" అన్నాడు. ఏం చెప్తాం.

లివర్‌ని హ్యాండిల్‌కి పట్టి ఉంచే క్లాంప్‌కి ఒకటో రెండో బోల్టులు ఉంటాయి. వాటిని ఊడదీయక్కర్లేదు, అర చుట్టు వదులు చేస్తే లివర్ తిరుగుతుంది. మామూలుగా కూర్చుని వేళ్లు లివర్ మీద పెట్టినప్పుడు మోచేతి నుంచి వేలి కొస దాకా ఒకే గీతలా రావాలి, మణికట్టు పైకీ కిందికీ వంగకూడదు. అక్కడ బిగించండి, కానీ పిడికిలి బలమంతా పెట్టి కాదు. బండి పడితే లివర్ తిరగాలి గానీ విరగకూడదు. ముందు బ్రేకు వైపు తిప్పాక హ్యాండిల్‌ని రెండు వైపులా చివరి దాకా తిప్పి బ్రేక్ గొట్టం బిగుసుకోవడం లేదని చూసుకోండి. క్లచ్ వైరు ఉన్న బండి అయితే లివర్ కొసలో ఖాళీ కూడా చూడండి, చాలా బండ్లకి 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది. క్లచ్ చిట్టచివర్లో ఒక్కసారిగా పట్టుకుంటోందని అనిపిస్తే ముందు సరిచేయాల్సింది ఇదే.

తర్వాత కాలి సంగతి. రోజూ నడిపేటప్పుడు వేసుకునే బూట్లే వేసుకుని కూర్చోండి, చెప్పులతో కాదు. గేరు పెడల్ కింద బూటు ముందుభాగం పాదం ఎత్తకుండా దూరాలి. దూరడం లేదంటే పెడల్‌కీ గేర్ షాఫ్ట్‌కీ మధ్య ఉన్న సన్నని రాడ్‌కి రెండు వైపులా లాక్ నట్లు ఉంటాయి, అవి వదులు చేసి రాడ్ తిప్పితే పెడల్ ఎత్తు మారుతుంది. నాది 8 మిల్లీమీటర్లు పైకి లేపాను, అంతే. "గేర్లు సరిగ్గా పడటం లేదు" అని పుస్తకంలో రాసుకున్న రెండిట్లో ఒకటి ఆ 8 మిల్లీమీటర్లకే పోయింది. రాడ్ లేని బండ్లలో పెడల్‌ని పళ్ల షాఫ్ట్ మీద నుంచి లాగి ఒక పన్ను జరిపి పెడతారు. వెనక బ్రేక్ పెడల్‌కి కూడా ఇలాంటి సర్దుబాటు ఉంటుంది. కాలిమడమ ఫుట్‌రెస్ట్ మీద ఉండగానే కొస అందాలి.

హ్యాండిల్ బార్‌ని కూడా క్లాంప్‌లో కొద్దిగా ముందుకో వెనక్కో తిప్పొచ్చు, కానీ దాన్ని ఆఖరికి ఉంచుకోండి. ఒకేసారి అన్నీ మారిస్తే ఏది ఉపయోగపడిందో తెలియదు. ఒకటి మార్చి రెండు రోజులు నడపండి, తర్వాత ఇంకొకటి. అద్దాలు మాత్రం ఇప్పుడే తిప్పుకోండి, సగం అద్దంలో మన మోచెయ్యే కనిపిస్తుంటే ఎవరికైనా చిరాకే.

ఇక వెనక షాక్‌లు. స్ప్రింగ్ కింద మెట్లు మెట్లుగా ఉన్న ఒక రింగు ఉంటుంది, టూల్ కిట్‌లో కొడవలి లాంటి స్పానర్ ఒకటి ఉంటుంది, అది దీనికోసమే. పాత బండి టూల్ కిట్‌లో అది తొమ్మిదేళ్లు మూలుగుతుంటే ఎందుకో తెలియలేదు నాకు. దాన్ని తిప్పితే స్ప్రింగ్ ముందే కొంత నొక్కుకుని ఉంటుంది, దాన్నే ప్రీలోడ్ అంటారు. ఇద్దరు ఎక్కితే పెంచాలి, ఒక్కరే అయితే తగ్గించాలి. ఎంత అనేదానికి చిన్న కొలత ఉంది. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఇరుసు నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా టేపుతో కొలవండి. తర్వాత బండి నేల మీదికి దించి, మీరు ఎక్కి కూర్చున్నాక ఇంకొకరిచేత కొలిపించండి. రెండిటికీ తేడా షాక్ మొత్తం కదలికలో పావు నుంచి మూడో వంతు మధ్య ఉండాలి, అంటే 120 మిల్లీమీటర్ల కదలిక ఉంటే 30 నుంచి 40. తేడా మరీ తక్కువగా ఉంటే మీ బరువుకి స్ప్రింగ్ గట్టిగా ఉన్నట్టు, మరీ ఎక్కువగా ఉంటే గుంతల్లో అడుక్కి తగులుతుంది. నాది 18 వచ్చింది. ఎవరో నాకంటే చాలా బరువైన మనిషి కోసం పెట్టి ఉంది, రెండు మెట్లు తగ్గించాను.

యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తిప్పినప్పుడు బండి జర్క్ కొడుతోందా? పెట్రోలు అందించే ఇంజెక్షన్‌ని తిట్టే ముందు చైన్ చూడండి. కొత్త చైన్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో బాగానే సాగుతుంది. కింది వరసలో మధ్యన వేలితో పైకీ కిందికీ కదిపి కొలవండి, చాలా రోడ్డు బండ్లకి 20, 30 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవాలి, అన్నిటికంటే బిగువుగా ఉన్నచోట సరిచేయాలి. తర్వాత యాక్సిలరేటర్ వైరులో ఖాళీ చూడండి, గ్రిప్ తిప్పితే మొదటి రెండు మూడు మిల్లీమీటర్లు ఊరికే తిరిగితే సరే, అంతకంటే చాలా ఎక్కువైతే తగ్గించమనండి.

చేతులింకా పాత బండినే నడుపుతున్నాయి

నా పాత బండి బరువు 112 కిలోలు, కొత్తది 195. పాతదాని గరిష్ఠ టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 6,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 8 న్యూటన్ మీటర్లు, కొత్తది 4,000 దగ్గర 27. ఈ అంకెలన్నీ నాకు కొనకముందే తెలుసు, చెప్పాగా కంఠతా పట్టానని. కానీ నా కుడిచేతికి తెలియదు. పాత బండిని లాగించాలంటే గేరు దించి బాగా రేజ్ చేయాలి, తొమ్మిదేళ్లు అదే చేశాను కాబట్టి కొత్తదాన్నీ అలాగే అరిపించాను. ఈ ఇంజిన్ ఆ పైన లాగదు, వణుకుతుంది. మూడో గేరుకి తొందరగా మార్చి, 2,500, 3,000 దగ్గర నింపాదిగా యాక్సిలరేటర్ తిప్పి చూసిన రోజు మొదటిసారి "ఓహో, ఇదా దీని సంగతి" అనిపించింది.

మీకు దీనికి తలకిందులుగా జరగొచ్చు. నింపాదిగా లాగే పెద్ద సింగిల్ సిలిండర్ నుంచి చిన్న స్పోర్ట్స్ ఇంజిన్‌కి మారినవాళ్లు 4,000 దగ్గరే గేరు మార్చేసి "పికప్ లేదు" అంటారు, దాని బలమేమో 7,000 దాటాక ఉంటుంది. అందుకే మీ బండి గరిష్ఠ టార్క్ ఎంత ఆర్‌పీఎం దగ్గరో చూడండి, పాత బండిదీ చూడండి, రెండూ పక్కపక్కన రాయండి. రన్నింగ్ ఇన్ అయ్యాక ఒక్కరోజు, గేర్లన్నీ మీకు అలవాటైన చోట కాకుండా వెయ్యి ఆర్‌పీఎం అటో ఇటో మార్చి నడపండి. మొదట్లో తప్పు చేస్తున్నట్టే ఉంటుంది.

వైబ్రేషన్‌కి కూడా ఇక్కడే చాలావరకు మందు దొరుకుతుంది. పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకోవడం వల్ల పుట్టే బలం ఆర్‌పీఎం రెట్టింపైతే నాలుగింతలు అవుతుంది, కాబట్టి ఒక గేరు పైకి వేస్తే వచ్చే తేడా మీరనుకునే దానికంటే చాలా ఎక్కువ. రెండోది, గ్రిప్‌ని పట్టుకునే పట్టు. నచ్చని బండిని మనం బిగించి పట్టుకుంటాం, బిగించి పట్టుకుంటే వణుకంతా చేతుల్లోకి వస్తుంది, వచ్చేసరికి ఇంకా నచ్చదు. మోకాళ్లతో ట్యాంకుని పట్టుకుని చేతులు వదులుగా ఉంచండి, పక్షి పిల్లని పట్టుకున్నంత.

మలుపుల్లో "బండి తిరగడం లేదు" అనేది ఇంకో సాధారణమైన ఫిర్యాదు. చక్రాల మధ్య దూరం పాతదానికి 1,230 మిల్లీమీటర్లు, దీనికి 1,390, టైరు కూడా వెడల్పు, అంత తేలిగ్గా ఒంగదు. చిన్న బండిని నడుముతో ఒంపేవాళ్లం, బరువు బండికి అది సరిపోదు, హ్యాండిల్‌తో చెప్పాలి. నడక వేగం దాటి కాస్త స్పీడులో ఉన్నప్పుడు కుడికి పోవాలంటే కుడి గ్రిప్‌ని మెల్లగా ముందుకి నెట్టండి, బండి కుడికి వాలుతుంది. దీన్నే కౌంటర్ స్టీరింగ్ అంటారు. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ సైకిల్ తొక్కే ప్రతివాడూ తెలియకుండా చేసేదే, సైకిళ్లు అమ్మిన విల్బర్ రైట్, విమానం కనిపెట్టిన రైట్ సోదరుల్లో పెద్దవాడు, ఈ సంగతి అప్పట్లోనే గమనించి చెప్పాడు. తెలియకుండా చేసేదాన్ని తెలిసి చేయడం మొదలుపెడితే బరువు బండి సగం తేలికైపోతుంది.

ఖాళీ మైదానం ఒకటి చూసుకుని అరగంట ఇవన్నీ ఆడుకోండి. నడక వేగంతో ఎనిమిది అంకె వేయడం, వెనక బ్రేకు మీద కొద్దిగా కాలు పెట్టి హాఫ్ క్లచ్‌తో యూటర్న్ తీయడం, 40 నుంచి రెండు బ్రేకులతో ఆగడం. ఏబీఎస్ (బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉంటే ఒకసారి కావాలని పని చేయించి చూడండి, లివర్ వేళ్ల కింద టకటకమంటుంది, ఆ సంగతి మొదటిసారి నడిరోడ్డు మీద తెలియకూడదు. ఇది సరదా కోసమే కాదు. 1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో జరిగిన సుమారు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను దగ్గరగా పరిశీలించి ఇచ్చిన నివేదికలో ఒక మాట ఉంది: ప్రమాదంలో ఉన్న రైడర్లలో సగానికి పైగా మందికి ఆ బండి మీద ఐదు నెలల అనుభవం కూడా లేదు, మొత్తం మీద రోడ్డు అనుభవం మాత్రం దాదాపు మూడేళ్లు. అంటే నడపడం వచ్చినవాళ్లే, ఆ బండి కొత్త.

పని పెట్టుకోకుండా నడపండి

రోజూ ఆఫీసుకి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మాత్రమే నడిపితే ఏ బండీ నచ్చదు. ట్రాఫిక్, ఎండ, ఆలస్యమైపోతోందన్న టెన్షన్, కాళ్ల మధ్య ఇంజిన్ వేడి, అన్నీ కలిసి బండి పేరు మీదే జమవుతాయి. తెల్లవారుజామున లేచి, ఎక్కడికీ వెళ్లే పని లేకుండా, గంటసేపు నడపండి. అదే రోడ్డు మీద, వారానికోసారి. వేరే రోడ్డు అయితే రోడ్డుని చూస్తాం, తెలిసిన రోడ్డు అయితే బండిని గమనిస్తాం. పోయిన వారం రెండో గేరులో తీసిన మలుపు ఈసారి మూడులో తీయండి. ఆ గంటలో ఫోన్ వద్దు, పాటలు వద్దు, వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు.

ఒక పని మాత్రం ఇప్పుడే చేయకండి, అదేమిటంటే వస్తువులు కొనడం. నచ్చలేదన్న బాధలో సైలెన్సర్ మార్చేవాళ్లు, హ్యాండిల్ మార్చేవాళ్లు, గాజు మెరుపుల లైట్లు పెట్టేవాళ్లు బోలెడుమంది. రెండు నెలల తర్వాత కూడా అదే సమస్య అదే చోట ఉందని పుస్తకం చెప్తే అప్పుడు మార్చండి. సీటు ఒక్కటే దీనికి మినహాయింపు అంటాను, అందులోనూ 500 కిలోమీటర్ల దాకా ఆగండి, కొత్త ఫోమ్ కొంచెం లొంగుతుంది.

పాత బండి ఇంకా ఇంట్లోనే ఉంటే, నా సలహా వినేలా ఉంటే, మూడు వారాలు దాని తాళం ఎవరికైనా ఇచ్చేయండి. ఒక రోజు ఇదీ ఒక రోజు అదీ నడిపితే చేతులు ఎటూ తేల్చుకోలేవు. నేను కొత్తదాని మీద కోపం వచ్చినప్పుడల్లా పాతదాన్ని తీసేవాణ్ణి, నా రెండు నెలల్లో సగం వృథా కావడానికి అదీ ఒక కారణం.

ఇవన్నీ చేశాక కూడా నచ్చకపోతే? అలా జరగడానికి అవకాశం ఉంది, అందరికీ అన్నీ కుదరవు. కాళ్లు నేలకి ఆనక ప్రతి సిగ్నల్ దగ్గరా భయమేస్తుంటే అది సర్దుబాటుతో పోదు. ఇంజిన్ స్వభావమే మీకు సరిపడకపోతే ఏ స్పానరూ దాన్ని మార్చదు. తేల్చుకోవడానికి నాకు తెలిసిన దారి ఒకటే: అదే మోడల్, ఐదారు వేల కిలోమీటర్లు తిరిగినది, ఎవరిదైనా అడిగి అరగంట నడపండి. అది బాగుండి మీది బాగోలేదంటే మీ బండిలో లోపం ఉంది, పుస్తకం పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి, వారంటీ ఉండగానే రాతపూర్వకంగా ఇవ్వండి. అదీ బాగోలేదంటే అమ్మేయండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నా పుస్తకంలో 11 ఉన్నాయన్నాను కదా. రెండు గాలితో పోయాయి, నాలుగు స్పానర్‌తో, మూడు వాటంతట అవే ఎప్పుడు పోయాయో కూడా గమనించలేదు. పదోది ఇంజిన్ వేడి, అది ఉంది, అలాగే ఉంటుంది. పదకొండోది, పాత బండిలో ఇండికేటర్ ఉన్నచోట దీంట్లో హారన్ బటన్ ఉంది. ఇప్పటికీ ఎడమకి తిరిగేటప్పుడు అప్పుడప్పుడూ హారన్ కొడుతూనే ఉన్నాను, పక్కన పోయేవాళ్లు "ఏంటి?" అన్నట్టు చూస్తారు, నేను అటు చూడకుండా తిరిగేస్తాను.